చాకు, తుప్పు, చమురు



ఈనాడు నేను ప్రసంగింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి అల్పమైనది. సంచిలో పెట్టుకొను మడతచాకునకును, తాంబూలపు పెట్టెలోని అడకత్తెరకును తుప్పు పట్టకుండ మన పూర్వులు ఏమి చేసిరి, వాని కీలు బిగియకుండ ఏ చమురు వేసిరి, నేడు మనమేది వాడుట క్షేమకరము అనునదియే ఆ విషయము. ఇంతమాత్రమునకు చరిత్ర యేల యని కొందరికి తోచవచ్చును. కాని రాజుల కత్తుల చరిత్రను వ్రాసినవారు పెక్కుమంది గలరు. ఆ కత్తిని రాత్రిపూట తుడిచి నూనె రాచినవాని చరిత్రను వ్రాసినవారు తక్కువ. కత్తి నూరేండ్లు నిలిచినదన్న, నిలిపినవాడు ఈ రెండవవాడే.

నేను నివసించు గోపాలపట్నము సింహగిరి చెంత నున్నది. ఒకప్పటి పల్లె నేడు విశాఖపట్టణ మహానగరములో కలిసిపోయినది. ఈ పట్టణమున 1933వ సంవత్సరమున రేవు తెరవబడినది. 1948వ సంవత్సరమున జలఉష యను ఓడ ఇచ్చటి నౌకానిర్మాణశాలనుండి జలప్రవేశము చేసినది. 1966వ సంవత్సరమున ఉక్కు కర్మాగారముకొరకు ఆంధ్రులందరు ఉద్యమించిరి. 1971లో దానికి శంకుస్థాపన జరిగినది, 1992లో అది జాతికి అంకితమైనది. అనగా ఇనుము కరగుచోటు, ఇనుము నీటిపై తేలుచోటు, ఆ ఇనుమును అహోరాత్రములు కొరికివేయు ఉప్పుగాలి, ఈ మూడును మాకొక్కచోటనే యున్నవి. కొత్త చాకును కొని, వానకాలమున కిటికీలో మరచి, నాలుగు దినముల తరువాత చూచినచో, దాని మొగము ఎర్రబడి యుండును. కాబట్టి ఈ విషయమును గూర్చి మాటలాడుటకు మా యూరివారికి కొంత అర్హత కలదనుకొందును.

తుప్పనగా నేమి? అమరకోశము దీనికి మండూరము, సింహాణము అని పేర్లు చెప్పి, ఇది లోహముయొక్క మలమన్నది. మలమనుట చక్కని మాటయే గాని, ఇది బయటనుండి వచ్చి యంటిన మురికి కాదు. ఇనుము భూమిలో నున్నప్పుడు ప్రాణవాయువుతో కూడి ఎర్రని రాయిగా నుండును. మనము బొగ్గును నిప్పును ఉపయోగించి, ఆ ప్రాణవాయువును విడదీసి, దానిని లోహముగా చేయుచున్నాము. నీరును గాలియు కలిసి సోకినంతనే అది మరల పూర్వరూపమునకు పోవ యత్నించును. తుప్పనగా ఇనుము తన పుట్టింటికి తిరిగి పోవుటయే. ఇందులో గమనింపవలసిన దేమనగా, నీరు మాత్రమే చాలదు, గాలి మాత్రమే చాలదు, రెండును కావలయును. ఉప్పు ఆ రెంటికిని సహాయుడు. అది గాలిలోని తేమను తనవైపు లాగుకొని లోహముపై నిలుపును, తుప్పుపనిని వేగిరపరచును. చమురు చేయు పని యంతయు, ఇనుమునకును ఈ శత్రుత్రయమునకును నడుమ నొక పలుచని తెరయై నిలుచుటయే.

ఇచ్చట ఢిల్లీలోని ఇనుపస్తంభమును గూర్చి ఎవరైనను అడుగుదురు. గుప్తులనాటి ఆ స్తంభము, ఇరువది మూడడుగులకు పైబడిన పొడవును, ఆరు టన్నులకు పైబడిన బరువును కలిగి, సుమారు పదునారు వందల యేండ్లనుండి ఎండవానలకు నిలిచియున్నది. దానికెవరు చమురు రాచిరి? ఎవరును రాయలేదు. ఆ యినుములో భాస్వరము హెచ్చుగా నుండుటవలన దానిపై నొక గట్టి పొర తానుగా నేర్పడి లోహమును కాపాడుచున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యముగారు విశదపరచిరి. ఢిల్లీగాలి సముద్రపుగాలి వలె ఉప్పుకలది కాకుండుటయు దానికి మేలైనది. కాని భాస్వరము హెచ్చైన యినుము పెళుసు. స్తంభమునకది చెల్లును గాని, చాకునకు చెల్లదు. వాడి నిలుపవలసిన యలుగునకు కర్బనముగల ఉక్కు కావలయును, అట్టి ఉక్కునకు చమురు కావలయును.

మన వైద్యగ్రంథములు ఈ సంగతిని బాగుగా నెరుగును. సుశ్రుతసంహితయందు శస్త్రములకు మూడువిధముల పాయనము, అనగా పదును పెట్టుట, చెప్పబడినది. క్షారమునందు పదునుపెట్టినది బాణములను ఎముకలను ఛేదించుటకును, ఉదకమునందు పెట్టినది మాంసమును కోయుటకును, తైలమునందు పెట్టినది సిరలను స్నాయువులను భేదించుటకును తగినవని విభాగించిరి. కాలిన యినుమును నీటిలో ముంచినచో తటాలున చల్లారి గట్టిపడును గాని పెళుసగును. నూనెలో మెల్లగా చల్లారుటచేత అంత పెళుసు గాదు. సన్నని మొనగల పనిముట్టుకు తైలమును విధించుట ఎంతటి అనుభవము! నూరుటకు నునుపైన రాతిని, అంచు చెడకుండుటకు బూరుగుచెక్కను కూడ వారు చెప్పియున్నారు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని ఖడ్గలక్షణమున, అరటిబూడిద క్షారమును మజ్జిగతో కలిపి పదునుపెట్టు విధమును తెలిపినాడు. పదునుపెట్టుట వేరు, తుప్పునుండి కాచుట వేరు. అయినను ఏ పనికి ఏ ద్రవము తగునని విచారించు బుద్ధి రెంటికిని ఒక్కటియే.

ఇక మన తెలుగునాటికి వత్తము. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రము అను గ్రామము ఒకప్పుడు ఉక్కునకు జగత్ప్రసిద్ధమైనది. మట్టిమూసలలో ఇనుపముక్కలను కర్బనమునిచ్చు పదార్థములతో నుంచి, మూతివేసి మెత్తి, గంటలకొలది కొలిమిలో కాల్చి, మెల్లగా చల్లార్చి, ఉక్కుముద్దలను తీసెడివారు. అందు నూటికి సుమారు ఒకటిన్నర పాలు కర్బనము. పారసీక వర్తకులు ఆ ముద్దలను కొనిపోయెడివారు. డమస్కసు కత్తులని పేరుపొందిన వానికి మూలము ఇట్టి దక్షిణదేశపు ఉక్కే. హెన్రీ వాయ్సీ యను ఆంగ్లేయుడు కోనసముద్రపు పనిని స్వయముగా చూచి వ్రాసిన వర్ణనము 1832వ సంవత్సరమున కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడినది. ఆంగ్లేయులు ఈ లోహమును ఊట్జు అని పిలిచిరి. మన ఉక్కు అను మాటయే వారి నోట అట్లు మారెనని పండితులు పెక్కురు తలంతురు. లండనులో కత్తులుచేయు స్టోడార్టు అనునతడు ఈ ఉక్కును ఐరోపా ఉక్కుకంటె మేలైనదిగా నెంచెను. మైకేలు ఫారడే 1819వ సంవత్సరమున దానిని పరీక్షించి, అటుపిమ్మట స్టోడార్టుతో గూడి దానివంటి ఉక్కును చేయుటకు ప్రయోగములు సాగించెను.

ఆ కొలుములు నేడు చల్లారినవి. చౌకగా దిగుమతియైన సీమఉక్కు ఒకవైపు, అడవిచట్టములవలన బొగ్గు దొరకుట కష్టమగుట మరియొకవైపు, ఈ రెండును గలిసి పందొమ్మిదవ శతాబ్దముననే మన ఉక్కుపనివారిని కొలిమివద్దనుండి లేపివేసినవి. ఈ చేటు తలచుకొన్నప్పుడెల్ల నాకు చింత కలుగును. కాని ఇచ్చట నొక మాట స్పష్టముగా చెప్పవలయును. ఆ ఉక్కు ఎంత గొప్పదైనను తుప్పుపట్టనిది కాదు. తుప్పుకు లొంగని ఉక్కు 1913వ సంవత్సరమున ఇంగ్లాండులోని షెఫీల్డునందు హారీ బ్రియర్లీ చేతిలో, క్రోమియము కలియుటచేత, లోకమునకు లభించినది. దానినే మనమిప్పుడు స్టీలు, స్టెయిన్లెస్సు స్టీలు అనుచున్నాము. నూటికి పదిన్నరపాళ్లకు తగ్గకుండ క్రోమియముండినచో, కంటికి కానరాని పొర ఏర్పడి లోహమును కాచును. అదియు సముద్రతీరమున ఉప్పు నిలువయున్నచో చుక్కచుక్కగా గుంటలు పడును. దాని కీలునకు చమురు ఎటులైనను కావలసినదే.

ఇప్పుడు చమురులను గూర్చి విచారింతము. సంస్కృతమున స్నేహమను మాటకు నూనెయనియు, ప్రేమయనియు రెండర్థములు. రెండు వస్తువుల నడుమ ఒరపిడిని తగ్గించునది స్నేహము. మన పల్లెలలో బండియిరుసునకు వేయు కందెన ఆముదమును గడ్డిమసితో కలిపి చేసినది. ఏ చెట్టును లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమని సామెత చెప్పి దానిని చిన్నచూపు చూచితిమి గాని, చమురులలో నది నిజముగనే మహావృక్షము. దానిలో నూటికి తొంబదిపాళ్ల వరకు రిసినోలీకు ఆమ్లమను ఒక విశేషపదార్థమున్నది. దానివలన ఆముదము చిక్కగా నుండి లోహమును విడువక పట్టుకొనును. మొదటి ప్రపంచయుద్ధమున విమానముల తిరుగుడుయంత్రములకు ఆముదమునే వాడిరి. ఏలయనగా అది పెట్రోలులో సులభముగా కరగిపోదు. 1909వ సంవత్సరమున ఇంగ్లాండులో వేక్‌ఫీల్డు సంస్థవారు తమ యంత్రతైలమునకు క్యాస్ట్రాలు అని పేరుపెట్టుటకు కారణము ఆముదమునకు ఆంగ్లమున గల క్యాస్టరు అను పేరే. మన పెరటిచెట్టు అట్లు ఆకాశమున విహరించినది. గింజయందలి విషము పిప్పిలో నిలిచిపోవును గాని, శుద్ధిచేసిన నూనెలోనికి రాదు. కావున తినుపదార్థములను కోయు చాకునకు ఆముదము భయము లేనిది.

అయినను ఆముదమునకు దోషము లేకపోలేదు. ఏండ్లు గడచినచో అది చిక్కబడి జిగురై కీలును పట్టివేయును. అట్టి జిగురును కిరసనాయిలుతో కడుగబూనినచో శ్రమయే మిగులును. పెట్రోలులో సులభముగా కరగని గుణమే ఇచ్చట మనకడ్డుపడును. వైద్యశాలలలో వాడు స్పిరిట్టులో ఆముదము కరగును. లేదా కుంకుడురసము వేడినీటిలో వేసి కడుగవచ్చును. ఒక పదార్థముయొక్క గుణమును తెలిసికొన్నవానికి దాని దోషమునకు విరుగుడును తెలియుననుటకు ఇది నిదర్శనము.

కొబ్బరినూనె అలుగుపై పూయుటకు మంచిదే, గాలికి త్వరగా గట్టిపడదు. కాని చలికాలమున గడ్డకట్టును. నువ్వులనూనె కొన్ని దినములకు సరిపడును, దీర్ఘకాలమునకు కొంత జిగురగును. అవిసెనూనెను మాత్రము మడతచాకు కీలునకు వేయరాదు. అది గాలికి ఆరి పొరగట్టు జాతి. కొయ్యపిడికి రాచినచో అదియే గుణము, కీలులో వేసినచో అదియే దోషము. జపానుదేశమున ఖడ్గములకు క్యామెలియాగింజల నూనెయు, లవంగతైలము కలిపిన నూనెయు రాయుట పూర్వాచారము. ఏ దేశమున ఏ గింజ దొరకునో ఆ దేశపు కత్తి ఆ నూనెనే త్రాగినది.

1859వ సంవత్సరమున అమెరికాలోని టైటస్‌విల్లులో భూమినుండి తైలము పైకి వచ్చినది. 1872వ సంవత్సరమున చీజుబ్రో అనునతడు వ్యాజిలైనునకు హక్కు పొందెను. మా విశాఖపట్టణమున 1957వ సంవత్సరమున తైలశుద్ధి కర్మాగారము వెలసినది. ఖనిజతైలములకు గల గొప్ప మేలు, అవి కుళ్లవు, జిగురుకట్టవు. మందులషాపులో దొరకు తెల్లని ద్రవపారఫిను వాసనలేనిది, తినుపదార్థములను కోయు చాకునకు తగినది. వ్యాజిలైను దాచిపెట్టు వస్తువుపై రాయుటకు శ్రేష్ఠము. కుట్టుమిషనునూనె తోటపనిచాకు కీలునకు బాగుండును గాని, పండ్లుకోయు చాకునకు వలదు. 1953వ సంవత్సరమున అమెరికాలో నీటిని తొలగించుటకై కల్పింపబడి, డబ్బానుండి చిమ్మునట్టి డబ్ల్యూడీ నలుబది యను ద్రవము, తడిసిన కీలును వదులుచేయుటకు మంచిదే. కాని దానిని చిరకాలరక్షణమని నమ్మరాదు, నోటికి పోవు వస్తువుపై నుంచరాదు.

అన్నిటికంటె నిషిద్ధమైనది లారీలనుండి, మోటారుసైకిళ్లనుండి తీసివేసిన నల్లని పాతనూనె. ఇది ఊరక దొరకును గనుక పల్లెలలో కత్తులకు, కొడవళ్లకు, ఒక్కొక్కచో అడకత్తెరకు సైతము రాయుట నేను కన్నులార చూచితిని. ఆ నూనెలో యంత్రమునుండి అరిగిన లోహపుపొడియు, కాలిన తైలమునుండి పుట్టిన హానికరద్రవ్యములును ఉండును. వానిలో కొన్ని క్యాన్సరునకు హేతువులు. అడకత్తెర నడుమ పడిన పోకచెక్క నేరుగా నోటికి పోవును గదా! పెరట్లో మామిడికాయ కోసి మనుమని చేతిలో పెట్టు తాత, ఆ చాకు కీలులో నేమి యున్నదో ఎరిగియుండవలయును. పైసా ఖర్చులేదని విషమును ఇంటికి తెచ్చుకొనుట పొదుపు కాదు.

తుప్పును గూర్చి మరియొక అపోహ కలదు. తుప్పుపట్టిన చాకు గీసుకొన్నచో ధనుర్వాతము వచ్చుననియు, మెరయుచాకు గీసుకొన్నచో భయములేదనియు పలువురందురు. ధనుర్వాతమును కలిగించునది తుప్పు కాదు. మట్టిలోను, పేడలోను నుండు ఒక సూక్ష్మజీవి. అది మెరయుచాకుపైనను ఉండవచ్చును. కావున ఏ చాకు లోతుగా తెగినను గాయమును కడిగి, టీకా విషయమై వైద్యుని అడుగవలయును.

అలుగు నల్లబడుట వేరు, తుప్పుపట్టుట వేరు. ఈ భేదమును మన పాతసిరాయే చెప్పును. కరకకాయను అన్నభేదితో కలిపి సిరా చేసెడివారు. కరకకాయ వగరు ఇనుపలవణముతో కలిసి నల్లనగును. మామిడికాయ, అరటికాయ, పోకచెక్క కోసినప్పుడు ఉక్కుచాకు నల్లబడుట ఆ సిరా పుట్టుటయే. ఆ నలుపు పలుచగా సమముగా నున్నచో హానిలేదు, కొంత కాపునుగూడ ఇచ్చును. ఎర్రగా, పొడిగా, వ్రేలికంటునదే తుప్పు. నలుపును చూచి భయపడి, ఇటుకపొడితో అలుగు నరుగదీయుట ఆయుష్షును మనమే తగ్గించుట.

ఇక పెద్దలకు నా ముఖ్యమైన విన్నపము. దక్షిణదేశమున తాటాకులపై వ్రాయుటకు గంటము సాధనము. ఆకును కత్తిరించుటకు చిన్నకత్తియు కావలయును. కొన్నిచోట్ల ఈ రెంటిని ఒకే పిడిలో మడచునట్లు చేసెడివారు. ఒకవైపు తెరచిన గంటము, మరియొకవైపు తెరచిన చాకు. అనగా మడతచాకు సీమనుండి వచ్చిన వింతవస్తువు కాదు. చాకు అను మాట పారసీకులద్వారా వచ్చినదైనను, వస్తువు మన పండితుని మొలలోను ఉండినది. అట్టి గంటములు, అడకత్తెరలు, పాతకత్తులు మీ అటకలమీద నిప్పటికిని ఉండవచ్చును. ఒక గ్రామమున, గంటములును చాకులును గల పెట్టె నొకటి, తుప్పుపట్టినదను కారణముచేత, పాతయినుము కొనువానికి తూకముపై నిచ్చివేయుట చూచితిని. ఆ తాటాకులను మాత్రము భద్రముగా బట్టలో చుట్టి యుంచిరి. అక్షరమును దాచి, అక్షరమును చెక్కిన చేతిని విడిచినట్లయినది. కొలిమి ఆరిపోయినది, దానిని మరల వెలిగించుట మనవశము కాదు. కొలిమినుండి వచ్చిన వస్తువును నిలుపుట మాత్రము మనవశమే.

అట్టి పాతవస్తువును నూరి మెరయించుటకు పూనుకొనవలదు. ఊడివచ్చు ఎర్రతుప్పును పొడిగుడ్డతో తుడిచి, మొండితుప్పుపై ఒకటిరెండు దినములు నూనె నాననిచ్చి, మరల తుడువుడు. ముదురునలుపును ఉండనిండు, అది దాని వయస్సు. తరువాత తేనెమైనమునో వ్యాజిలైనునో పలుచగా రాచి, పొడికొయ్యపెట్టెలో నుంచుడు. తోలుఒరలో నుంచి మరచిపోవలదు. తోలు తేమను పీల్చి నిలుపును, తోలును ఊనినప్పటి లవణములును అందుండును.

నిత్యము వాడు చాకునకు విధి సులభము. నిమ్మ, చింత, మామిడి కోసినవెంటనే కడిగి, తడిలేకుండ తుడిచి, తెరచియుంచి ఆరనిండు. కీలులోని చెత్తను పుల్లతో తీయుడు. కీలునకు ఒక్కబొట్టు ఆముదముగాని ద్రవపారఫినుగాని వేసి, పదిమార్లు తెరచి మూసి, పైకివచ్చిన చమురును తుడిచివేయుడు. అలుగుపై వ్రేలితో కనబడీ కనబడనంత పూత చాలును. చమురు హెచ్చైనచో దుమ్ము పట్టి, ఆ దుమ్మే ఆకురాయియై కీలును తినును. వానకాలమున పక్షమునకొకమారు, సముద్రతీరవాసులు వారమునకొకమారు, ఈ పని చేయవలయును.

మన పెద్దలు దీనికొక పండుగను కూడ నియమించిరి. దసరాదినములలో ఆయుధపూజ యనగా, సంవత్సరమునకొకమారైనను ప్రతిపనిముట్టును కడిగి, తుడిచి, నూనె రాచి, కన్నులార చూచుట. నేడు కొందరు కడుగుట, నూనెరాయుట మాని, కుంకుమను, నిమ్మరసమును మాత్రము అలుగుపై నుంచి విడుచుచున్నారు. నిమ్మపులుసు ఇనుమును తినును. పూజానంతరమున అలుగును తుడిచి చమురు రాయుట పూజలో లోపము కాదు, పూజయొక్క పూర్తియే.

చాకు నొకదానిని తీసికొని, ఈ సాయంకాలము మీ మనుమని చేరబిలిచి, కీలునకు బొట్టు వేయుట వానిచేత చేయింపుడు. కోనసముద్రము పేరును అప్పుడే వానికి చెప్పుడు. చేతితో చేసిన పనితోకూడ విన్న కథను పిల్లవాడు మరువడని ఉపాధ్యాయవృత్తిలో నేను నేర్చినదానిని మీకు మనవిచేసి విరమించుచున్నాను.